నైజీరియాలో రాష్ట్రాల వాటా గొడవ: పంచుకోవడంలో ఉన్న పట్టుదల లెక్క చెప్పడంలో ఎందుకు లేదు?

నైజీరియా రాజధాని అబుజాలో ప్రతి నెలా ఒక మీటింగ్ జరుగుతుంది. 36 రాష్ట్రాల ఆర్థిక శాఖలు చూసేవాళ్లు, కేంద్రం అధికారులు కూర్చుని ఆ నెల దేశానికి వచ్చిన ఆదాయాన్ని పంచుకుంటారు. ఫెడరేషన్ ఖాతా కేటాయింపుల కమిటీ అని దాని పేరు, వాడుకలో ‘ఫాక్’. ఈ మీటింగ్ వెనక్కి జరిగితే చాలా రాష్ట్రాల్లో జీతాలూ వెనక్కి జరుగుతాయి. ఎవరికెంత వచ్చిందో దాచడానికి వీల్లేదు. 2004లో ఆర్థిక మంత్రిగా ఉన్న ఎన్‌గోజీ ఒకాంజో ఇవెయాలా, అంటే ఇప్పుడు ప్రపంచ వాణిజ్య సంస్థను నడుపుతున్నావిడ, ఆ వివరాలను నెలనెలా పేపర్లలో వేయించడం మొదలుపెట్టారు. పేపర్ కొనకుండా స్టాండ్ చుట్టూ మూగి హెడ్డింగులు చదివి పోయేవాళ్లకు కూడా, మన ముఖ్యమంత్రిలా జనం ఎన్నుకునే తమ గవర్నర్‌కు ఎంత ముట్టిందో తెలుస్తుంది. ముట్టాక ఏమైందన్నదే తెలియదు.

మన పేపర్లలో నైజీరియా అంటే ఆన్‌లైన్ మోసం, కాకపోతే డ్రగ్స్ కేసు. 20 కోట్లకు పైగా జనం ఉన్న ఆ దేశం పశ్చిమ ఆఫ్రికాలో అతి పెద్ద సమాఖ్య అన్న సంగతి వార్తల్లోకి రాదు. ఈ రెండు మూడేళ్లలో అక్కడ స్థానిక సంస్థల నిధులపై సుప్రీంకోర్టు తీర్పు, ఒక చమురు రాష్ట్రంలో ఎమర్జెన్సీ, పన్నుల వాటాలు మార్చే కొత్త చట్టం వరసగా వచ్చాయి. 2027లో ఎన్నికలున్నాయి. విడివిడిగా చూస్తే ఏదీ అర్థం కాదు. ఇవన్నీ ఒకే చిక్కుముడిలోని పోగులు.

మూడు ప్రాంతాలు 36 రాష్ట్రాలు ఎలా అయ్యాయి

ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటిగా ఉన్న తమ వలస భూభాగాలను 1914లో బ్రిటిష్ వాళ్లు కలిపేసి నైజీరియా అన్నారు. 1960లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో మూడు ప్రాంతాలున్నాయి. ఉత్తరంలో హౌసా, ఫులానీలది పైచేయి, పడమర యొరుబాలది, తూర్పున ఇగ్బోలది. ప్రతి ప్రాంతంలోనూ ఈ పెద్ద జాతుల నీడన బతికే చిన్న జాతులు చాలా ఉన్నాయి. పైగా ఉత్తర ప్రాంతం ఒక్కటే మిగతా రెండింటినీ కలిపినా వాటికన్నా పెద్దది.

1966 జనవరిలో సైనిక తిరుగుబాటు జరిగింది. ప్రధాని అబూబకర్ తఫావా బలేవా, ఉత్తర ప్రాంత ప్రీమియర్ అహ్మదు బెల్లో హతమయ్యారు. తిరుగుబాటు చేసిన అధికారుల్లో ఎక్కువమంది ఇగ్బోలు కావడంతో ఉత్తరాది దాన్ని ఇగ్బోల కుట్రగానే చూసింది. జులైలో ఎదురు తిరుగుబాటు. ఉత్తరాది పట్టణాల్లో ఇగ్బోల ఊచకోత. 1967 మే 27న సైనిక పాలకుడు యకూబు గోవన్ దేశాన్ని 12 రాష్ట్రాలుగా విడగొట్టాడు. మూడు రోజులకే తూర్పు ప్రాంత సైనిక గవర్నర్ ఒజుక్వూ దాన్ని బయాఫ్రా అనే స్వతంత్ర దేశంగా ప్రకటించాడు. యుద్ధం 1970 జనవరి దాకా సాగింది. చనిపోయినవాళ్లు పది లక్షల నుంచి ముప్పై లక్షల దాకా ఉంటారని అంచనా. ఎక్కువమంది తుపాకీకి కాదు, ఆకలికి పోయారు.

ఆ తర్వాత వచ్చిన సైనిక పాలకులంతా ఒకే మందు వాడారు: ఇంకా చిన్న ముక్కలు. 1976లో 19, 1987లో 21, 1991లో 30, 1996లో 36. విడిపోయి సొంతంగా నిలబడగలనని ఏ ప్రాంతమూ అనుకోలేనంత చిన్నగా కోయడం వాళ్ల ఉద్దేశం. ఆ పని నెరవేరింది. మళ్లీ అంత పెద్ద అంతర్యుద్ధం రాలేదు. అయితే ప్రతి కొత్త రాష్ట్రానికీ గవర్నర్, అసెంబ్లీ, సెక్రటేరియట్, కార్ల కాన్వాయ్ కావాలి. వాటిని సొంత ఆదాయంతో పోషించుకోగల రాష్ట్రాలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

వెయ్యి నైరాలు వస్తే ఎవరికెంత

నైజీరియా కరెన్సీ నైరా. చమురు మీద వెయ్యి నైరాలు ఫెడరేషన్ ఖాతాలో పడ్డాయనుకుందాం. ముందుగా 13 శాతం, అంటే 130 నైరాలు, చమురు తీసిన రాష్ట్రాలకు పోతాయి. దీన్ని ‘డెరివేషన్’ అంటారు. ఎక్కడ పుట్టిన సంపదలో అక్కడివాళ్లకు దక్కే వాటా అన్నమాట. రాజ్యాంగం పెట్టిన కనీస హద్దు ఇది.

మిగిలిన 870లో కేంద్రానికి 52.68 శాతం. అంటే 458 నైరాలు, రాజధానికీ ప్రత్యేక నిధులకూ పోయేదీ ఇందులోదే. 36 రాష్ట్రాలకు కలిపి 26.72 శాతం, అంటే 232. కింద 774 స్థానిక ప్రభుత్వాలకు 20.60 శాతం, అంటే 179.

రాష్ట్రాల 232లో 40 శాతం జనాభాతో, అవసరంతో పనిలేకుండా అందరికీ సమానంగా పంచుతారు. ఒక్కో రాష్ట్రానికి రెండున్నర నైరాల చొప్పున, ఉన్నందుకే వచ్చే డబ్బు ఇది. మరో 30 శాతం జనాభాను బట్టి. మిగతా 30 శాతం విస్తీర్ణం, సామాజిక అభివృద్ధి, సొంత వసూళ్లు చూసి. ఒక రాష్ట్రాన్ని రెండు చేస్తే ఆ సమాన వాటా రెండుసార్లు వస్తుంది. కొత్త రాష్ట్రాల డిమాండ్లు ఎందుకు ఆగవో ఇక్కడే తెలిసిపోతుంది.

స్థానిక సంస్థల సంఖ్యలోనూ ఇదే పేచీ. పాత కానో రాష్ట్రాన్ని 1991లో కానో, జిగావాలుగా విడగొట్టారు. ఇప్పుడు కానోలో 44, జిగావాలో 27, మొత్తం 71 స్థానిక ప్రభుత్వాలున్నాయి. లాగోస్‌లో 20. చమురు రాష్ట్రం బయెల్సాలో 8. ‘ఈ గీతలు గీసింది ఉత్తరాది జనరళ్లు, వాళ్లవాళ్లకు వాళ్లు గీసుకున్నారు’ అని దక్షిణాది అంటుంది. ‘జనం ఎక్కువున్న చోట కార్యాలయాలూ ఎక్కువే ఉంటాయి’ అని ఉత్తరాది జవాబు. మరి జనం ఎంత? చివరి జనగణన 2006లో జరిగింది. అందులో కానో లాగోస్‌ను దాటింది. లాగోస్ ఆ లెక్క ఒప్పుకోకుండా తన జనం కోటి డెబ్బై లక్షల పైచిలుకని సొంత లెక్క చెప్పింది. జనం లెక్కే డబ్బు లెక్క అయినప్పుడు తలలు లెక్కపెట్టడం కూడా తగవే. 2023లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది.

డెరివేషన్ కథ ఇంకా చేదు. కోకో, వేరుశనగ, పామాయిల్ మీద దేశం నడిచిన తొలిరోజుల్లో పుట్టినచోటికి దక్కే వాటా 50 శాతం. చమురు ముఖ్యమయ్యేసరికి సైనిక ప్రభుత్వాలు దాన్ని ఒకటి నుంచి మూడు శాతానికి దించేశాయి. చమురు దొరికింది నైజర్ డెల్టాలో, ఉన్నది ఇజా, ఒగోనీ లాంటి చిన్న జాతులు. వాణిజ్యస్థాయిలో తొలిసారి చమురు పడిన ఒలోయిబిరి ఊరు ఇప్పటి బయెల్సాలోదే. 1956 నాటి సంగతి. బావులు ఎండిపోయాయి, ఊరు అలాగే ఉండిపోయింది. ఒగోనీల తరఫున గొంతెత్తిన కెన్ సారో వివాను 1995 నవంబరులో సైనిక ప్రభుత్వం ఉరితీసింది. 13 శాతం ఆ రక్తం తర్వాత వచ్చింది.

‘మీది ఏ రాష్ట్రం?’ అనే ప్రశ్న

1999 రాజ్యాంగంలో ‘ఫెడరల్ క్యారెక్టర్’ అనే సూత్రం ఉంది. ప్రభుత్వ పదవులు ఒకే ప్రాంతం, ఒకే జాతి చేతిలో పడకుండా పంచాలని దాని సారం. అధ్యక్షుడు ప్రతి రాష్ట్రం నుంచి కనీసం ఒక మంత్రిని తీసుకోవాల్సిందే. 2023 ఆగస్టులో అధ్యక్షుడు బోలా టినుబు ప్రమాణం చేయించిన మంత్రులు 45 మంది. ఈ సూత్రం లేకపోతే ముందుగా బడులు వచ్చిన దక్షిణాదివాళ్లే కొలువులన్నీ పట్టుకుపోతారని ఉత్తరాది భయం. ప్రతిభకు తావులేదన్నది దక్షిణాది ఫిర్యాదు. నాకైతే రెండింటిలోనూ నిజం కనిపిస్తుంది. 1966ను చూసిన దేశం ఇలాంటి పూచీ రాసుకోకుండా ఎలా ఉంటుంది?

అసలు చిక్కు ‘ఇండిజీన్’ అనే హోదాలో ఉంది. మన దగ్గర ఆర్టికల్ 371-డి కింద లోకల్ ఎవరన్నది ఎక్కడ చదివారు, ఎన్నేళ్లు ఉన్నారు అన్నదాన్ని బట్టి తేలుతుంది. అక్కడ తాతముత్తాతలది ఏ ఊరన్నదే చూస్తారు. జోస్ నగరంలో తరాలుగా ఉంటున్న హౌసా కుటుంబాలను ఇప్పటికీ వచ్చి చేరినవాళ్లుగానే చూస్తారు. సర్కారు కొలువుకూ కాలేజీ సీటుకూ కావలసిన సర్టిఫికెట్ ఇచ్చేది స్థానిక ప్రభుత్వం. అందుకే ఆ చిన్న ఆఫీసు కుర్చీ ఎవరిదన్నదానిపై 2008లో జోస్ తగలబడింది. అంతకుముందు 2001లో, ఆ తర్వాత 2010లో కూడా అక్కడ వందల ప్రాణాలు పోయాయి.

అధ్యక్ష ఎన్నికకూ ఇలాంటి పూచీయే పెట్టారు. మొత్తం మీద ఎక్కువ ఓట్లు వస్తే చాలదు, మూడింట రెండు వంతుల రాష్ట్రాల్లో కనీసం 25 శాతం చొప్పున రావాలి. 1979లో రాష్ట్రాలు 19. అందులో మూడింట రెండు వంతులంటే 12⅔. రాష్ట్రంలో మూడింట రెండు వంతులు ఎక్కడ దొరుకుతుంది? షెహు షగారికి 12 రాష్ట్రాల్లో 25 శాతం దాటింది. పదమూడోదైన కానోలో పోలైన దాదాపు 12.2 లక్షల ఓట్లలో 2.43 లక్షలే వచ్చాయి, అంటే 20 శాతం లోపు. ఆయన తరఫువాళ్లు కానో ఓట్లలో మూడింట రెండు వంతులు తీసుకున్నారు, 8.14 లక్షలు. అందులో పావు 2.03 లక్షలు. షగారికి అంతకన్నా ఎక్కువే ఉన్నాయి కదా అన్నారు. ఓడిన ఒబాఫెమి అవొలొవో సుప్రీంకోర్టుకు వెళ్లాడు, కోర్టు షగారి లెక్కకే ఓటేసింది.

ఉత్తరానికోసారి, దక్షిణానికోసారి అధ్యక్ష పదవి అన్నది మాత్రం ఏ చట్టంలోనూ లేదు, పార్టీల మధ్య మాట. 2022 జూన్‌లో అబియోకుటాలో టినుబు ‘ఎమి లోకాన్’, అంటే యొరుబాలో ‘ఈసారి నా వంతు’, అన్నది ఆ లెక్కనే. వంతు వచ్చిందని చెప్పి ఓటడిగితే, గతసారి ఏం చేశారన్న ప్రశ్నకు జవాబు చెప్పే పని తప్పుతుంది.

బీరు సీసాల మీద పన్ను ఎవరిది

చమురు కాకుండా పెద్ద ఆదాయం వ్యాట్. రేటు 7.5 శాతం. కేంద్రం వసూలు చేసి, సగం రాష్ట్రాలకిచ్చేది. అందులో సగం అందరికీ సమానంగా, 30 శాతం జనాభాను బట్టి, వసూలైనచోటికి 20 శాతం. 2021లో పోర్ట్ హార్కోర్ట్ రాజధానిగా ఉన్న చమురు రాష్ట్రం రివర్స్, వ్యాట్ మేమే వసూలు చేసుకుంటామని కోర్టుకెక్కింది. అప్పటి గవర్నర్ న్యెసొమ్ వికె అన్నదేమిటంటే, మా దగ్గర తాగిన బీరు మీద పన్నులో, షరియా పేరుతో బీరు సీసాలు పగలగొట్టే రాష్ట్రాలకు వాటా ఎందుకు? కానోలో హిస్బా అనే మతనియమాల పోలీసులు లారీలకొద్దీ సీసాలు పగలగొట్టిన ఫొటోలు అప్పటికే అందరూ చూసి ఉన్నారు. వాదన జనంలోకి దూసుకుపోయింది. పోర్ట్ హార్కోర్ట్‌లోని ఫెడరల్ హైకోర్టు రివర్స్ పక్షాన తీర్పిచ్చింది. అప్పీలు కోర్టు యథాతథస్థితి అంది.

ఉత్తరాది జవాబు అంత పెద్దగా వినిపించలేదు కానీ తీసిపారేసేది కాదు. కానోలో ఒకాయన ఫోన్‌లో వెయ్యి నైరాల రీచార్జ్ చేయించుకున్నాడు. టెలికాం కంపెనీ హెడ్డాఫీసు లాగోస్‌లో ఉంది. పన్ను అక్కడ కట్టడంతో అది లాగోస్ వసూలు కింద రాసుకున్నారు. డబ్బిచ్చింది కానోవాడు, పేరు లాగోస్‌ది. ‘వసూలైనచోటు’ అంటే ఎక్కడన్నది తేల్చకుండా ఆ వాటా పెంచడం దోపిడీయే అని వాళ్లన్నారు.

2024లో టినుబు ప్రభుత్వం ఆ వాటాను 60 శాతం చేస్తానని బిల్లు తెచ్చినప్పుడు ఉత్తరాది గవర్నర్లు కడునాలో కూడి వద్దన్నారు. నెలల తరబడి బేరాలు నడిచాయి. 2025 జూన్‌లో సంతకమై 2026 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం రాష్ట్రాలకు 55 శాతం. అందులో సగం సమానంగా, 20 శాతం జనాభాకు, 30 శాతం సరుకు వాడినచోటికి. కట్టినచోటికి కాదు, వాడినచోటికి. ఉత్తరాది అడిగింది ఇదే.

ఇంత పట్టుదలగా సాగిన చర్చలో ఆ వ్యాట్ డబ్బు కానోలో గానీ పోర్ట్ హార్కోర్ట్‌లో గానీ దేనికి ఖర్చవుతోందన్న ప్రశ్న దాదాపు వినిపించలేదు.

దొంగే కావచ్చు, కానీ మనవాడు

బయెల్సా గవర్నర్ డిప్రియె అలమియెసెయ్‌గాను 2005 సెప్టెంబరులో లండన్‌లో మనీ లాండరింగ్ కేసులో పట్టుకున్నారు. ఇంట్లో దాదాపు పది లక్షల పౌండ్ల నగదు దొరికింది. బెయిల్ మీద ఉండగా నవంబరులో తప్పించుకుని సొంత రాజధాని యెనగోవాలో తేలాడు. ఆడవేషం వేసుకుని పారిపోయాడని అప్పట్లో పేపర్లు రాశాయి. జనం చీదరించుకోలేదు, చుట్టూ చేరి జేజేలు కొట్టారు. ‘ఇజా జాతి గవర్నర్ జనరల్’ అన్నది ఆయన బిరుదు. మా చమురు దశాబ్దాలుగా తిన్నవాళ్లను వదిలేసి మావాడినే పట్టుకుంటారా అన్నది వాళ్ల ప్రశ్న.

గవర్నర్ పదవిలో ఉండగా క్రిమినల్ కేసు నడపడానికి రాజ్యాంగంలోని 308వ సెక్షన్ ఒప్పుకోదు. కాబట్టి పట్టుకోవాలంటే ముందు పదవి ఊడగొట్టాలి. డిసెంబరులో అసెంబ్లీ ఆయన్ను అభిశంసించింది. 2007లో నేరం ఒప్పుకున్నాడు, శిక్ష నామమాత్రంగా ముగిసింది. 2013లో క్షమాభిక్ష పెట్టిన అధ్యక్షుడు గుడ్‌లక్ జొనాథన్ ఒకప్పుడు ఆయన కిందే డిప్యూటీ గవర్నర్.

డెల్టా రాష్ట్రాన్ని ఎనిమిదేళ్లు ఏలిన జేమ్స్ ఇబోరి సంగతి ఇంకా విడ్డూరం. 2009లో అసాబాలోని కోర్టు ఆయనపై ఉన్న 170 అభియోగాలనూ కొట్టేసింది. 2012లో లండన్ కోర్టులో ఆయనే నేరం ఒప్పుకున్నాడు, 13 ఏళ్ల శిక్ష పడింది. జైలు నుంచి వచ్చాక 2017లో సొంతూరు ఒఘారాలో పండగ చేశారు. 2021లో బ్రిటన్ ఆ కేసు సొమ్ములో 42 లక్షల పౌండ్లు నైజీరియాకు తిరిగిచ్చింది. వెంటనే కొత్త గొడవ: ఆ డబ్బు కేంద్రం తలపెట్టిన రోడ్లకు, వంతెనకు పోవాలా, డెల్టా రాష్ట్రానికి రావాలా? పోయినప్పుడు అడగని లెక్క తిరిగొచ్చినప్పుడు వాటాగా లేచి కూర్చుంది.

ఇది చూసి ఆ జనానికి నీతి లేదనేస్తే తప్పు. అవినీతి కేసుల సంస్థ ఈఎఫ్‌సీసీని అప్పటి అధ్యక్షుడు ఒబాసాంజో గిట్టనివాళ్ల మీదకే తోలాడన్న ఆరోపణ ఊరికే పుట్టలేదు. జోస్ ఉన్న ప్లేటో రాష్ట్ర గవర్నర్ జాషువా డారియెను 2006లో పట్టుమని పదిమంది కూడా లేని సభ్యులు తెల్లవారుజామున కూడి దించేశారు. కోర్టులు అది చెల్లదన్నాయి. అదే డారియె నిధులు మింగినందుకు 2018లో జైలుకెళ్లాడు, 2022లో క్షమాభిక్ష పొందాడు. తప్పు చేసినవాడిని తప్పు పద్ధతిలో పట్టుకుంటే ‘కక్ష’ అనే మాటకు బలం దొరుకుతుంది, అసలు తప్పు పక్కకు పోతుంది.

‘సెక్యూరిటీ వోటు’ అని ఇంకొకటుంది. భద్రత పేరుతో గవర్నర్లు తీసుకునే సొమ్ము, చాలావరకు ఆడిట్‌కు దొరకదు. ఉత్తరమా దక్షిణమా అన్న తేడా లేకుండా అందరూ ఏకమయ్యేది దీని దగ్గరే.

వాటా మారిస్తే జవాబుదారీ వస్తుందా

యొరుబా, ఇగ్బో, డెల్టా నేతల్లో చాలామంది ‘రీస్ట్రక్చరింగ్’ అడుగుతారు, అంటే సొంత ఆదాయం, అధికారం కింది ప్రభుత్వాలకే ఎక్కువ దక్కేలా సమాఖ్యను మార్చడం. పాత పశ్చిమ ప్రాంతం కోకో డబ్బుతో 1955లోనే ఉచిత ప్రాథమిక విద్య, 1959లో ఇబాదాన్‌లో టీవీ స్టేషన్ పెట్టిందని చూపిస్తారు. సొంతంగా సంపాదించే ప్రభుత్వం కట్టేవాళ్లకు జవాబు చెప్పక తప్పదని వాళ్ల వాదన. తొలిరోజుల్లో మా వేరుశనగ, పత్తి ఆదాయం కూడా దేశానికే పోయింది, చమురు వచ్చేసరికి ఎవరిది వారిదంటారేం అని ఉత్తరాది అడుగుతుంది. సముద్రం లేదు, బోకో హరామ్ తీవ్రవాదంతో ఈశాన్యం చితికిపోయింది, ఫెడరేషన్ ఖాతా తీసేస్తే బడి కూడా నడవదు.

మూడో వాదన అసలు రోగం పంపకాల సూత్రంలో లేదంటుంది. 13 శాతం అదనంగా తీసుకున్న రాష్ట్రాలవాళ్లే అలమియెసెయ్‌గా, ఇబోరి. నేను కొంత ఇటే మొగ్గుతాను, పూర్తిగా కాదు. సొంత వసూళ్లలో అందరికన్నా ముందున్న లాగోస్‌లో పన్ను కట్టేవాళ్లు నిలదీయడం మిగతా చోట్లకన్నా ఎక్కువే. అయినా అక్కడ కూడా పన్ను వసూలు కాంట్రాక్టు మీద ఏళ్లుగా వివాదం నడుస్తోంది.

774 స్థానిక ప్రభుత్వాల డబ్బు

ఊళ్లో బడి, ఆరోగ్య కేంద్రం, సంత రోడ్డు చూడాల్సింది స్థానిక ప్రభుత్వం. దాని వాటా రాష్ట్రంతో ఉమ్మడి ఖాతాలో పడుతుంది, తాళం గవర్నర్ దగ్గర. చాలాచోట్ల ఎన్నికలు పెట్టకుండా తమవాళ్లతో కేర్‌టేకర్ కమిటీలు వేసి గవర్నర్లు ఏళ్లు నెట్టుకొచ్చారు.

లాగోస్ 2003-04లో 37 కొత్త స్థానిక సంస్థలు పెట్టుకుంటే, ఒబాసాంజో రాష్ట్రంలోని స్థానిక సంస్థల నిధులే ఆపేశాడు. లాగోస్ కోర్టుకు వెళ్లింది. నిధులు ఆపే హక్కు అధ్యక్షుడికి లేదని 2004 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పినా డబ్బంతా రాలేదు. మిగిలింది 2007లో అధ్యక్షుడు మారాకే వచ్చింది. అప్పటి లాగోస్ గవర్నర్ టినుబు. ఇరవై ఏళ్లకు అధ్యక్షుడి కుర్చీలో కూర్చుని, స్థానిక నిధులు మింగుతున్నారని 36 రాష్ట్రాలనూ కోర్టుకీడ్చింది ఆయన ప్రభుత్వమే. 2024 జులై 11న సుప్రీంకోర్టు డబ్బు నేరుగా స్థానిక సంస్థలకే వేయాలని, ఎన్నికవని కమిటీలకు ఇవ్వొద్దని తేల్చింది.

కేంద్రం చేతికి ఇంత పట్టు వస్తే ఏమవుతుందన్న అనుమానమూ ఉంది. 2025 మార్చిలో రివర్స్ గవర్నర్ సిమినలాయి ఫుబారా, ఆయనను గద్దెనెక్కించిన వికెల తగవులో టినుబు ఎమర్జెన్సీ పెట్టి గవర్నర్‌నూ అసెంబ్లీనీ ఆరు నెలలు పక్కన కూర్చోబెట్టాడు. ఎన్నికైన గవర్నర్‌ను అలా సస్పెండ్ చేయడం చెల్లదని లాయర్ల సంఘం అంది, శాంతి కోసమని ప్రభుత్వం అంది. వికె అప్పటికి టినుబు మంత్రివర్గంలో ఉన్నాడు.

తీర్పు వచ్చాక రాష్ట్రాలు ఆగమేఘాల మీద స్థానిక ఎన్నికలు పెట్టాయి. దాదాపు ప్రతిచోటా రాష్ట్రాన్ని ఏలే పార్టీయే ఊడ్చేసింది. స్థానిక సంస్థలు తమ డబ్బులో కొంత ఉమ్మడి ఖాతాకే పంపాలని అనాంబ్రా చట్టం చేసుకుంది. ఏడాది దాటినా నేరుగా జమ చేయడం గాడిన పడలేదు. స్థానిక ఎన్నికలు నడిపే సంఘాన్ని నియమించేది గవర్నరే. దాన్ని మార్చాలంటే రాజ్యాంగ సవరణ కావాలి, సవరణకు 36 అసెంబ్లీల్లో 24 ఒప్పుకోవాలి, గవర్నర్ మాట కాదని చేయెత్తే సభ్యులు ఆ 24 చోట్లా దొరకాలి.